అమెరికా పంపాల్సిన ముక్క, ఇక్కడే చేయించాల్సిన రక్త పరీక్ష

విజయవాడ నుంచి ఒక టీచర్ రాశారు. వయసు 44, ఇంటికి పెద్ద కూతురు. తెనాలిలో ఉండే వాళ్ల నాన్నగారికి 68 ఏళ్లు, ఆర్టీసీ డిపో ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. రాత్రిళ్లు పదేపదే బాత్రూమ్‌కి లేస్తుంటే వయసు కదా అనుకున్నారు. తీరా పీఎస్ఏ అనే ప్రొస్టేట్ రక్త పరీక్ష చేయిస్తే 14 వచ్చింది. ఎంఆర్ఐ తీశారు, బయాప్సీ చేశారు. ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలింది, దాని తీవ్రత చెప్పే గ్లీసన్ స్కోరు 4+3. పెట్ స్కాన్‌లో ఎముకలకు గానీ, లింఫ్ గ్రంథులకు గానీ పాకిన జాడ లేదు. డాక్టరు రెండు దారులు చెప్పారు: ఆపరేషన్, లేదంటే కరెంటు (రేడియేషన్) పెట్టి దానితోపాటు ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్. ఆయనకు షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ కూడా వేశారు.

అమెరికాలో ఉన్న తమ్ముడు (41) మాత్రం ససేమిరా అంటున్నాడట. బయాప్సీ ముక్కను అక్కడి ల్యాబ్‌కి పంపితే, క్యాన్సర్ పాకుతుందో లేదో జన్యువులను చూసి చెప్పేస్తారని, ఆ రిపోర్టు వచ్చేదాకా ఏమీ మొదలుపెట్టొద్దని రోజూ ఫోన్. అమ్మేమో ఆయనకు జబ్బు పేరే చెప్పొద్దంటోంది. ప్రొస్టేట్ వాచిందని చెప్పి, హాస్పిటల్ ఫైలు మీది 'ఆంకాలజీ' అన్న అక్షరాలు కనపడకుండా అట్ట వేశారు. పక్కింటావిడ "సూది గుచ్చి కెలికారుగా, ఇక పాకుతుంది" అన్నప్పటి నుంచి ఈవిడకు నిద్ర లేదు. బయాప్సీకి ఒప్పించింది తనే. చివర్లో ఒక్క వాక్యం: "మా పెద్ద మేనత్త కూడా 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, మా ఇంటికి ఈ శాపం ఏమిటో." ఆ టెస్టు చేయించాలా, అప్పటిదాకా ఆగొచ్చా, తన పదిహేనేళ్ల కొడుక్కి కూడా వస్తుందా, నాన్నకు చెప్పాలా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా,

ముందు ఆ పక్కింటావిడ మాట తేల్చేద్దాం. మీ ఉత్తరంలో టెస్టు గురించి నాలుగు వాక్యాలుంటే, సూది గురించి ఒక పేజీ ఉంది. ప్రొస్టేట్‌లో సూది దారి వెంట క్యాన్సర్ మొలవడం వైద్యంలో చాలా చాలా అరుదు. కణాన్ని కదిపినంత మాత్రాన అది ఇంకోచోట బతకలేదు. రక్తంలోకి జారిన క్యాన్సర్ కణాల్లో దాదాపు అన్నీ దారిలోనే చచ్చిపోతాయి. వేరేచోట వేళ్లూనాలంటే ఆ కణం లోపల చాలా మార్పులు జరగాలి. అవి సూదివల్ల జరిగేవి కావు. బయాప్సీ చేయించకపోయి ఉంటే ఇవాళ మీ చేతిలో 4+3 అన్న సమాచారమే లేదు. అది లేకుండా ఏ డాక్టరూ వైద్యం నిర్ణయించలేడు. మీరు చేసింది సరైన పని.

ఆ లోపలి మార్పులేమిటో తెలిస్తే తమ్ముడు చెప్పే టెస్టు ఏం చూస్తుందో, ఏం చూడలేదో కూడా అర్థమవుతుంది. మీరు టీచరు కాబట్టి బడి మాటల్లోనే చెబుతాను. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకటే పుస్తకం ఉంటుంది, సుమారు 20 వేల పాఠాలు, అంటే జన్యువులు. ప్రొస్టేట్ కణం కొన్ని పాఠాలు చదువుతుంది, ఎముక కణం వేరేవి చదువుతుంది, మిగతావి మూసి ఉంచుతాయి. ఏ పాఠం ఎంత గట్టిగా చదువుతోందన్నదే జన్యు వ్యక్తీకరణ. పుస్తకంలోనే అచ్చుతప్పు ఉండటం వేరే సంగతి. తమ్ముడు అడుగుతున్నది మొదటిదాని గురించి. మేనత్త గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం రెండోదానికి సంబంధించింది. మీ ఇంట్లో ఇవి రెండూ కలిసిపోయి ఒకే భయమై కూర్చున్నాయి.

గ్రంథిలో ఉన్నంతకాలం కణాలు పక్కవాటిని గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ చేసే పని అది. దాన్ని తయారుచేసే జన్యువు పని తగ్గితే పట్టు సడలుతుంది. ఎందుకు తగ్గుతుంది? 2002లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో అరుళ్ చిన్నయ్యన్ బృందం ఒక సంగతి గమనించింది. గ్రంథిలోనే ఉన్న క్యాన్సర్ కంటే, ఒళ్లంతా పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ఈజెడ్‌హెచ్2 అనే జన్యువు చాలా ఎక్కువగా పనిచేస్తోంది. దాని పని ఇతర జన్యువుల మీద ఒక రసాయన గుర్తు వేసి వాటిని మూయించడం. అలా మూతపడేవాటిలో ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువు కూడా ఉందని తర్వాత తేలింది. పట్టు సడలిన కణం చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైములు తయారుచేసుకుని రక్తంలోకి చేరుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ పాకితే ఎముకలనే ఎక్కువగా ఎందుకు పట్టుకుంటుందని చాలామంది అడుగుతారు. ఎముక మజ్జ ఒక రసాయన సంకేతం విడుదల చేస్తుంటుంది. ఆ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను ఎక్కువగా పెట్టుకున్న కణాలు అక్కడ ఆగుతాయి. ఆగాక, ఎముక కణాలు చదివే పాఠాలు కొన్ని అవీ మొదలుపెట్టి అక్కడివాటిలో కలిసిపోతాయి.

అదే బృందం 2005లో ఇంకొకటి కనిపెట్టింది. పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగం మంది ప్రొస్టేట్ క్యాన్సర్లలో రెండు జన్యువులు విరిగి అతుక్కుని ఉంటాయి. మొదటిది టీఎంపీఆర్ఎస్ఎస్2, ఇది మగ హార్మోన్ చెప్పినట్టు వింటుంది. రెండోది ఈఆర్‌జీ, ప్రొస్టేట్‌లో దానికి అసలు పనే లేదు. అతుక్కున్నాక, హార్మోన్ వచ్చినప్పుడల్లా ఈఆర్‌జీ కూడా లేచి కూర్చుంటుంది. చైనా, జపాన్ రోగుల్లో ఈ అతుకు అంతగా కనిపించదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

డాక్టరు హార్మోన్ ఇంజెక్షన్ ఎందుకంటున్నారో కూడా ఇక్కడే తెలుస్తుంది. మగ హార్మోన్ తగ్గిస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ 1941లోనే చూపించాడు, 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. జన్యువుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. మీరు రిపోర్టులో చూసిన పీఎస్ఏ కూడా ఆ హార్మోన్ చెబితే పలికే ఒక జన్యువు తయారుచేసే ప్రొటీనే. అందుకే ఇంజెక్షన్ పడగానే పీఎస్ఏ దిగుతుంది.

ఇక తమ్ముడి టెస్టు. ఇలాంటివి మూడు నాలుగున్నాయి: డిసైఫర్, ఆంకోటైప్ డీఎక్స్, ప్రొలారిస్. డిసైఫర్ 22 జన్యువుల పనితీరు చూస్తుంది, ఆంకోటైప్ 17, ప్రొలారిస్ ముఖ్యంగా కణ విభజనకు సంబంధించినవి. బయాప్సీ చేసిన హాస్పిటల్లో మైనంలో పెట్టి దాచిన ముక్క ఉంటుంది, దాన్నే బ్లాక్ అంటారు. దానిలోంచి ఆర్ఎన్ఏ, అంటే కణం చదువుతున్న పాఠాల నకళ్లు, తీసి కొలుస్తారు. నాన్నగారిని మళ్లీ గుచ్చక్కర్లేదు. డిసైఫర్ స్కోరు 0 నుంచి 1 దాకా ఉంటుంది. 0.45 లోపు తక్కువ ముప్పు, 0.60 దాటితే ఎక్కువ, మధ్యలోది మధ్యలోనే. పాకుతుందో లేదో చెప్పేస్తారని తమ్ముడు అన్నాడు కదా, అలా చెప్పరు. ఇలాంటి స్కోరు ఉన్నవాళ్లలో కొన్నేళ్లలో ఎంతమందికి పాకే అవకాశం ఉందో చెబుతారు. ఆ ఎంతమందిలో మీ నాన్నగారు ఉన్నారా లేదా అన్నది ఏ ల్యాబూ చెప్పలేదు.

దానికి ఇంకో రెండు పరిమితులున్నాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ తరచుగా గ్రంథిలో ఒకేచోట కాకుండా రెండు మూడు చోట్ల ఉంటుంది, ఒక్కోచోట జన్యువుల తీరు ఒక్కోలా ఉంటుంది. సూదికి చిక్కిన ముక్క గురించే రిపోర్టు మాట్లాడుతుంది. రెండోది, ఈ స్కోర్లను తయారుచేసి సరిచూసింది ఎక్కువగా అమెరికా మగవాళ్ల మీద, మన దేశం వాళ్ల లెక్కలు అందులో బహు తక్కువ. ఈఆర్‌జీ అతుకు ఆసియాలో వేరుగా కనిపించిందని ఇందాక చెప్పాను కదా, అలాంటి తేడాలుంటాయి కాబట్టి కొంచెం జాగ్రత్తగా చదువుకోవాలి. మన దగ్గర ఈ రంగంలో పని జరగడం లేదని కాదు, ఐఐటీ కాన్పూర్‌లో బుష్రా అతీక్ బృందం ప్రొస్టేట్ క్యాన్సర్ జన్యువుల మీద చాన్నాళ్లుగా పరిశోధన చేస్తోంది. అయితే అది హాస్పిటల్లో వాడే స్కోరుగా ఇంకా రాలేదు.

ఇన్ని పరిమితులున్నాయి కాబట్టి టెస్టు వద్దంటానేమో అనుకోకండి. ఏ టెస్టుకైనా నేను అడిగేది ఒకటే: రిజల్ట్ ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే డబ్బు దండగ.

నాన్నగారికి ఆపరేషన్ చేద్దామనుకుంటే, ఇప్పుడు ఆ టెస్టు తొందర లేదు. తీసిన గ్రంథి మొత్తం ల్యాబ్‌కి వెళుతుంది, క్యాన్సర్ అంచుల దాకా వచ్చిందా, గోడ దాటిందా అన్నది కళ్లారా కనపడుతుంది. అప్పటికీ సందేహముంటే ఆ గ్రంథి ముక్క మీదే టెస్టు చేయించవచ్చు. నిజానికి డిసైఫర్‌ను మొదట తయారుచేసింది ఆపరేషన్ అయినవాళ్ల కోసమే. అయితే 68 ఏళ్లు, స్టెంట్, షుగర్ అన్నీ ఉన్నప్పుడు మత్తు డాక్టరు, గుండె డాక్టరు ఏమంటారో ముందు వినండి. ఆపరేషన్ తర్వాత కొంతకాలం మూత్రం ఆగకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం కూడా ఆయనకు తెలిసి ఒప్పుకోవాల్సిన సంగతులు.

కరెంటు వైపు మొగ్గితే టెస్టుకు కొంచెం విలువుంది. 4+3, పీఎస్ఏ 10 దాటడం, రెండూ కలిస్తే మధ్యస్థ ముప్పులో కాస్త చెడ్డ వైపు అంటారు. అలాంటివారికి రేడియేషన్‌తోపాటు నాలుగు నుంచి ఆరు నెలల ఇంజెక్షన్ ఇవ్వడం ఇప్పటి పద్ధతి. ఆ ఇంజెక్షన్ వల్ల షుగర్ పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, నీరసం, ఒంట్లో ఆవిర్లు, గుండె మీద కొంత భారం. మీ నాన్నగారి ఒంటికి ఇవి చిన్న విషయాలు కావు. స్కోరు బాగా తక్కువ వస్తే, ఇంజెక్షన్ మానేసే మాట డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవచ్చు. బాగా ఎక్కువ వస్తే, షుగర్ ఇబ్బందులు భరించైనా ఇంజెక్షన్ పూర్తిచేయాలన్న ధైర్యం వస్తుంది. మధ్యలో వచ్చిందా, ఇంత ఖర్చూ పెట్టి మొదటికే వచ్చినట్టు. తక్కువ స్కోరు చూసి ఇంజెక్షన్ మానడం పూర్తిగా రుజువైన పద్ధతి కూడా కాదు, దాన్ని తేల్చడానికే అమెరికాలో ప్రత్యేకంగా ఒక ట్రయల్ మొదలుపెట్టారు. ఖర్చు గట్టిగానే ఉంటుంది, ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో దొరుకుతుందని లెక్కవేసుకోకండి. తమ్ముడు పెట్టుకుంటానంటే అది మీ ఇంటి విషయం.

ఆగొచ్చా అని అడిగారు. ఈ రకం క్యాన్సర్‌లో కొన్ని వారాలు ఆగితే ఆట తారుమారు కాదు. బ్రిటన్‌లో 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టుకుని ఉండటం అని మూడు గుంపులుగా చేసి 15 ఏళ్లు చూశారు, 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏ గుంపులో చూసినా ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు సుమారు 3 శాతమే. అయితే క్యాన్సర్ పాకడం మాత్రం కనిపెట్టుకుని ఉన్న గుంపులో 9.4 శాతం, మిగతా రెండింటిలో 5 శాతం అటూ ఇటూ. వాళ్లలో ఎక్కువమందికి మీ నాన్నగారికంటే తక్కువ తీవ్రత జబ్బు, కాబట్టి ఆ అంకెల్ని అలాగే తెచ్చి ఆయనకు అంటగట్టకండి. నేను చెప్పేది ఇంతే: రిపోర్టు కోసం నాలుగైదు వారాలు సరే. రిపోర్టు, దాని మీద ఇంకో అభిప్రాయం, దాని మీద వాదన అంటూ దసరా నుంచి ఉగాదికి జరిగితే సరి కాదు. తమ్ముడికి ఒక తేదీ చెప్పండి, ఆ తేదీకి రిపోర్టు రాకపోయినా వైద్యం మొదలవుతుందని.

ఇప్పుడు మేనత్త దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం అదే. నాన్నగారి సొంత అక్క 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో పోవడం, ఇప్పుడు ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్. ఈ రెండూ ఒకే ఇంట్లో కనిపిస్తే బీఆర్‌సీఏ2 అనే జన్యువులో పుట్టుకతో వచ్చిన మార్పు ఉందేమో చూడమని డాక్టర్లు అంటారు. దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే జన్యువు అది. దానిలో వచ్చిన మార్పు ఆడవాళ్లలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు, మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు పెంచుతుంది, వచ్చిన ప్రొస్టేట్ క్యాన్సర్ కూడా దూకుడుగా ఉంటుంది. ఇందాకటి బడి మాటలో ఇది పుస్తకంలోని అచ్చుతప్పు. అమెరికా టెస్టు దీన్ని చూడదు, ఎంత ఖరీదుదైనా సరే. దీనికి మామూలు రక్తం చాలు, మన దేశంలోనే చేస్తారు, ఖర్చు కూడా దానికంటే చాలా తక్కువ. ఇంత గొడవలో దీని మాట ఒక్కరూ ఎత్తలేదు. బహుశా మేనత్త సంగతి డాక్టరుకు ఎవరూ చెప్పి ఉండరు, మీ ఇంట్లో దాన్ని శాపం ఖాతాలో వేశారు కాబట్టి.

రక్తం ముందు నాన్నగారిదే ఇవ్వాలి, మీది కాదు. జబ్బు వచ్చిన మనిషిలో వెతికితేనే జవాబు స్పష్టంగా ఉంటుంది. ఆయనలో లేకపోతే మీకు చాలావరకు బెంగ తీరినట్టే. ఉందని తేలితే మీకూ తమ్ముడికీ చెరి సగం అవకాశం. మీకు వచ్చి ఉంటే ఏటా రొమ్ము ఎంఆర్ఐ చేయించుకోవాలి, 40 నుంచి 45 మధ్య అండాశయాలు తీయించుకోవడం గురించి డాక్టరు మాట్లాడతారు, మీకు ఇప్పుడు 44. తమ్ముడికి వచ్చి ఉంటే 40 దాటాడు కాబట్టి క్రమం తప్పకుండా పీఎస్ఏ. మీ మేనత్తకు కూతుళ్లుంటే, మీ వదినలకు ఈ కబురు మీకంటే ముందు చేరాలి. మీ అబ్బాయికి ఇప్పుడేమీ చేయించకండి. పెద్దయ్యాక వచ్చే జబ్బులకు 18 ఏళ్లు నిండనివాళ్లకు ఈ పరీక్ష చేయరు, పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటాడు. నాన్నగారికీ ఇందులో లాభం ఉంది: రేపు దురదృష్టవశాత్తూ జబ్బు పాకినా, బీఆర్‌సీఏ మార్పు ఉన్నవారికి ఒలాపరిబ్ అనే మాత్ర పనికొస్తుంది. అది 2020 నుంచి ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడుకలో ఉంది. ఇంకో సంగతి, రిపోర్టులో ఒక్కోసారి "మార్పు ఉంది, అర్థం తేలలేదు" అని వస్తుంది. దాన్ని పట్టుకుని ఎవరూ ఆపరేషన్లకు పరుగెత్తకూడదు. అందుకే రక్తం ఇచ్చే ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో గానీ, ఆ సంగతులు తెలిసిన డాక్టరుతో గానీ మాట్లాడాలి.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఆ పరీక్షకు నాన్నగారి సంతకం కావాలి. మీరేమో జబ్బు పేరే చెప్పలేదు.

మీరే రాశారు, అట్ట చూసి ఆయన "హాస్పిటల్ ఫైలుకి అట్ట ఎందుకే, నంబరు కనపడకపోతే వాళ్లెలా తీస్తారు?" అని అడిగారని. డిపోలో ఫైళ్లతో జీవితమంతా గడిపిన మనిషికి అట్ట కింద ఏముందో తెలియదనుకుంటున్నారా? నా అంచనా, ఆయనకు సగం తెలుసు. మీరు బాధపడతారని ఆయన అడగట్లేదు, ఆయన బాధపడతారని మీరు చెప్పట్లేదు. అమ్మగారి భయాన్ని నేను తీసిపారేయను. భర్త ధైర్యం చెడితే ఇల్లు ఎలా గడుస్తుందన్న భయం అది. చెప్పకుండానే కరెంటు పెట్టించవచ్చు, అలా చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ క్యాన్సర్ వార్డు బయట బెంచీ మీద వారాల తరబడి కూర్చుంటే పక్కవాళ్లే చెప్పేస్తారు, అప్పుడు ఆయనకు రెండు దెబ్బలు, జబ్బూ, మీరు దాచారన్నదీ. రక్త పరీక్ష దారి కూడా మూసుకుపోతుంది. ఇంకో దారి, అంతా ఒక్కరోజే కుమ్మరించకుండా, "మీ రిపోర్టుల గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది నాన్నా?" అని అడగడం. ఆయన "మీరే చూసుకోండమ్మా" అంటే అదీ ఆయన నిర్ణయమే. సంతకం మాత్రం, ఎందుకు పెడుతున్నారో తెలిసే పెట్టాలి. చెప్పే పని డాక్టరుకు వదిలేసినా తప్పు లేదు, మీరు పక్కన కూర్చోండి. పాకలేదు, వైద్యం ఉంది అన్న రెండు మాటలు మొదట్లోనే వినపడాలి.

మీ వాట్సాప్‌లో తిరుగుతున్న "జన్యువులను మార్చే కషాయం" గురించి కూడా రాశారు. తిండి, నిద్ర, వ్యాయామం జన్యువుల పనితీరును కొంత మారుస్తాయన్న మాట నిజమే, దాన్ని పట్టుకునే ఆ కషాయాలు అమ్ముతున్నారు. ప్రొస్టేట్ క్యాన్సర్ పాకకుండా ఆపుతుందని రుజువైన కషాయం లేదు. రోజూ నడవమనండి, ఇంజెక్షన్ తీసుకుంటే ఎముకలకూ షుగర్‌కూ అదే మందు. స్టెంట్ మందులు వాడుతున్నారు కాబట్టి తెలియని పొడులేవీ డాక్టరుకు చెప్పకుండా ఇవ్వకండి.

వచ్చే అపాయింట్‌మెంట్‌లో డాక్టరును అడగండి: మేనత్త సంగతి చెప్పి, రక్త పరీక్ష మా ఇంటికి వర్తిస్తుందా అని. అమెరికా టెస్టులో తక్కువ స్కోరు వస్తే మీరు నిజంగా ఇంజెక్షన్ తగ్గిస్తారా అని. "నేనైతే తగ్గించను" అని ఆయన అంటే తమ్ముడితో వాదన అక్కడితో అయిపోతుంది. రెండో అభిప్రాయం కావాలంటే, ముంబై టాటా మెమోరియల్ వాళ్లతో కలిసి నడిచే నవ్య అనే ఆన్‌లైన్ సేవ ఉంది, రిపోర్టులు పంపితే చూసి రాస్తారు. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ కూడా మీకు ఒక రాత్రి ప్రయాణమే. ఏ దారి పట్టినా బయాప్సీ చేసిన చోటినుంచి బ్లాక్, స్లైడ్లు రసీదు మీద తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి. అమెరికా పంపినా, టాటా వాళ్లకు చూపించినా అడిగేది వాటినే. బ్లాక్‌ను ఎండలోనూ, కారు డ్యాష్‌బోర్డు మీదా పెట్టకండి, మైనం కరుగుతుంది.